పల్లె పాలనలో యంత్రము: జవాబు చెప్పువారెవరు?

(గ్రామ పంచాయతీ ప్రతినిధుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వము గ్రామమునకు చేయు సేవలలో కంప్యూటరు, ఫోను ఎట్టి మార్పు తెచ్చినవో మీకు చెప్పవలెనని నన్ను ఆదేశించినారు. ఈ విషయమును గూర్చి మాటాడువారు సాధారణముగా రెండు తెగలుగా నుందురు. యంత్రము వచ్చినది గనుక లంచము, జాప్యము, కాళ్లరుగ తిరుగుట అన్నియు పోయినవని కొందరందురు. యంత్రము వచ్చిన పిమ్మట పేదవాని గోడు వినువాడే లేకపోయెనని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను నిజమున్నది. ఏది ఎప్పుడు నిజమగును? అది యంత్రమును బట్టి యుండదు. యంత్రము ప్రక్కన మనము చేసికొన్న ఏర్పాటును బట్టి యుండును. నేటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క మాటను గూర్చియే.

ఒకనాటి పెట్టె

పెద్దలకు జ్ఞాపకముండును. 1984 వరకు గ్రామములోని భూమి లెక్కలు వంశపారంపర్యముగా వచ్చు గ్రామాధికారుల చేతిలో నుండెడివి. ఆంధ్ర ప్రాంతమున కరణము, మునసబు. తెలంగాణమున పట్వారీ, పటేలు. ఏ పొలము ఎవరిదో, ఎవరు సాగు చేయుచున్నారో, శిస్తు ఎంతో తెలుపు పుస్తకములు, నక్షాలు వారి ఇంట పెట్టెలో నుండెడివి. ఆ పెట్టె తెరచుటయు, తెరవకుండుటయు వారి దయ. రైతు తన పేరును తాను చూచుకొనవలెనన్నను వాకిట నిలిచి అడుగవలసి వచ్చెడిది. 1984 జనవరిలో ఆ వ్యవస్థ రద్దయినది. లెక్కలు ప్రభుత్వోద్యోగుల చేతికి వచ్చినవి. కాని కాగితము కాగితముగానే యుండెను. పెట్టె పోయి బీరువా వచ్చినది గాని తాళము పోలేదు.

యంత్రము తెచ్చిన మొదటి మేలు ఈ తాళమును తీయుట.

1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లను ప్రవేశపెట్టిరి. అంతకు పూర్వము ప్రతి దస్తావేజును గుమాస్తా పెద్ద పుస్తకములోనికి చేతితో నకలు వ్రాయవలసి యుండెను. ఒక భూమిపై తనఖా యేమైన గలదా, అది చేతులు మారినదా అని తెలుపు ఈ.సీ. కాగితము కావలెనన్నచో ఏండ్ల తరబడి పుస్తకములను తిరుగవేయవలెను. యంత్రము వచ్చిన పిమ్మట ఆ వెదకులాట కొద్ది నిమిషముల పని యయినది.

పొరుగున నున్న కర్ణాటక రాష్ట్రమున 2000 సంవత్సర ప్రాంతమున ‘భూమి’ యను పథకము వచ్చినది. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహాణీలను అచ్చట కంప్యూటరులోనికి ఎక్కించిరి. తాలూకా కేంద్రమునకు పోయి 15 రూపాయలు చెల్లించినచో రైతు చేతికి పహాణీ నకలు వచ్చెడిది. ఆ పథకములో మరియొక విశేషము గలదు. పట్టా మార్పు అర్జీలు వచ్చిన వరుసలోనే పరిష్కారము కావలెను. ముందు వచ్చినది ముందు, వెనుక వచ్చినది వెనుక. పలుకుబడి గలవాని అర్జీని మధ్యనుండి పైకి లాగుటకు యంత్రము ఒప్పుకొనదు. మన కచ్చేరీలను ఎరిగినవారికి ఈ ఒక్క నియమము విలువ యెంతో వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాతి మెట్లు మీరెరిగినవే. 2001లో జంటనగరములలో ‘ఈ-సేవ’ కేంద్రములు వచ్చి, కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటి పన్ను ఒకే కిటికీవద్ద కట్టుటకు వీలయినది. 2011లో చిత్తూరు జిల్లాలో ‘మీసేవ’ ఆరంభమై క్రమముగా పల్లెలకు ప్రాకినది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము యంత్రముపై చేసిన సంతకమునకు కలముతో చేసిన సంతకముతో సమానమగు విలువనిచ్చినది. ఆ బలముతోనే కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము మున్నగునవి సంతకముతో సహా మీసేవ కేంద్రమునుండి వచ్చుచున్నవి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేరున వాట్సాప్ ద్వారా 161 సేవలను ఆరంభించినది. పట్వారీ వాకిట నిలిచిన రైతు మనుమడు నేడు పొలము గట్టున కూర్చుండి చేతిలోని ఫోనులో తన ఖాతాను చూచుకొనుచున్నాడు.

కాబట్టి యంత్రము మూడింటిని తగ్గించినది: దూరము, కాలము, దాపరికము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పెద్దల సామెత. యంత్రము చాలచోట్ల అట్టి పూజారిని తప్పించినది. సంతోషమే. కాని పూజారిని తప్పించు తొందరలో గుడి తలుపు తెరచువాడు కూడ లేకుండ పోరాదు. ఇక ఆ సంగతికి వత్తును.

తప్పు కూడ వేగముగా పోవును

యంత్రమునకు జ్ఞాపకశక్తి మెండు, వివేకము లేదు. మనము లోపల వేసినదానినే అది మరల పైకి తీయును. కాగితముపై నున్న తప్పును యంత్రములోనికి ఎక్కించినచో ఆ తప్పునకు గౌరవము పెరుగును. కొట్టివేతలు, దిద్దుబాట్లు నిండిన పాత పహాణీని చూచినప్పుడు ‘ఇందులో ఏదో తేడా యున్నది’ అని అధికారి సందేహించెడివాడు. అదే తప్పు చక్కని అచ్చు అక్షరములలో, ప్రభుత్వ ముద్రతో బయటికి వచ్చినప్పుడు సందేహించువాడుండడు.

అంతేకాదు. పూర్వము ఒక పుస్తకములోని తప్పు ఆ పుస్తకముతోనే యుండెడిది. ఇప్పుడు ఒక లెక్కను చూచి మరియొక లెక్క నడచుచున్నది. భూమి లెక్కలో పేరు తప్పినచో పెట్టుబడి సాయము ఆగును. పంట అప్పునకు చిక్కు వచ్చును. ధాన్యము కొనుగోలు కేంద్రమున ప్రశ్నలు పుట్టును. వెంకటయ్య యను పేరు ఆధార్ కార్డులో ఒక తీరుగను, పట్టాదారు పాసుపుస్తకములో వెంకయ్య యనియు, బ్యాంకు ఖాతాలో మరియొక తీరుగను ఉన్నదనుకొనుడు. ఊరిలో ఆ ముగ్గురును ఒకే మనిషి యని పసిపిల్లలకు కూడ తెలియును. యంత్రమునకు మాత్రము వారు ముగ్గురు వేర్వేరు మనుష్యులు. ఒక అక్షరము నాలుగు తలుపులను మూయగలదు.

ఈ సంగతిని మన రాష్ట్రము అనుభవమున నేర్చుకొన్నది. 2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన కార్యక్రమము ఆరంభమైనది. 2020 అక్టోబరు 29న ‘ధరణి’ వచ్చినది. అంతవరకు వ్యవసాయ భూమి కొన్నవారికి రిజిస్ట్రేషను ఒకచోట, పట్టా మార్పు మరియొకచోట. రెంటికి నడుమ ఎన్నియో రాకపోకలు. ధరణిలో ఆ రెండును తహసీల్దారు కార్యాలయమున ఒక్కమారే జరుగునట్లు ఏర్పాటు చేసిరి. ఇది చిన్న మేలు కాదు. లెక్కలు సరిగా నున్నవారికి పని ఒక పూటలో ముగిసెను.

లెక్క తప్పినవారి సంగతి వేరు. విస్తీర్ణము తగ్గి పడినవారు, సర్వే నంబరు ఎక్కనివారు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరినవారు ఎవరిని అడుగవలెను? 1971 నాటి చట్టమున ఆర్.డి.ఓ.కు అప్పీలు చేసికొను దారి యుండెను. 2020 చట్టమున ఆ దారి లేదు. అదే సంవత్సరము గ్రామ రెవెన్యూ అధికారుల పదవులును రద్దయినవి. కాలక్రమమున కొన్ని దిద్దుబాట్లకు వీలు కల్పించినను, వానిలో చాల భాగము జిల్లా కలెక్టరు వరకు పోవలసి వచ్చెను. ఊరిలో అడుగుటకు మనిషి లేడు. పైన అడుగుటకు దూరము. కోర్టుకు పోవుటకు శక్తి లేదు. అర ఎకరము గల రైతు ఆ అర ఎకరమునకై న్యాయవాదిని పెట్టుకొనగలడా?

2025 ఏప్రిల్ 14న ‘భూభారతి’ని ఆరంభించిరి. ఈ క్రొత్త చట్టము అప్పీలు మార్గమును మరల తెరచినది. జూన్ నెలలో అధికారులు గ్రామములకే వచ్చి రెవెన్యూ సదస్సులు జరిపి అర్జీలు తీసికొనిరి. సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రములిచ్చిరి. చట్టము మారినంతనే తగవులన్నియు తీరునని నేను చెప్పను. భూమి తగవు తీరుటకు కొలత గొలుసు పట్టి పొలములో నిలువవలెను. కాని ఈ అయిదేండ్ల చరిత్రనుండి ఏ పక్షమువారైనను నేర్చుకొనదగిన పాఠమొకటి గలదు. మనము యంత్రమును తీసివేయలేదు. అది ఉండనే యున్నది. దాని ప్రక్కకు మనిషిని, అప్పీలును మరల తెచ్చుకొంటిమి.

దిడ్డి తలుపు

ఇక వ్రేలిముద్ర సంగతి చెప్పెదను. రేషను దుకాణమున, పింఛను చెల్లించుచోట ‘ఇతడే అతడు’ అని తెలిసికొనుటకు వ్రేలిముద్ర తీసికొనుట మీరెరిగినదే. ఒకరి సరకు మరియొకరు తీసికొనకుండ ఇది అడ్డుపడును. కాని ఏండ్ల తరబడి రాళ్లు కొట్టిన చేతులకు, సున్నము కలిపిన చేతులకు, నాట్లు వేసిన చేతులకు గీతలు అరిగిపోవును. ముసలితనమున మరింత అరుగును. అనగా ఎవరు జీవితమంతయు ఎక్కువ కష్టపడిరో వారి వ్రేలినే యంత్రము తక్కువగా గుర్తించును. దీనికి పరిష్కారమేమి?

రెండు రాష్ట్రముల అనుభవమును మీ ముందుంచెదను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉపాధి హామీ కూలిని, సామాజిక పింఛనులను వ్రేలిముద్రతో కూడిన స్మార్టు కార్డుల ద్వారా ఊరిలోనే చెల్లించు పద్ధతి తెచ్చినది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2010–2012 మధ్య ఈ పద్ధతిని 8 జిల్లాలలోని 157 మండలములలో పరిశీలించిరి. ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు వెనుక అనునది చీట్లు వేసినట్లు నిర్ణయించిరి గనుక పోల్చి చూచుటకు వీలయ్యెను. కార్డులు వచ్చినచోట కూలి డబ్బు త్వరగా వచ్చెను. దానిని తీసికొనుటకు పట్టు కాలము ప్రతి చెల్లింపునకు సుమారు 20 నిమిషములు తగ్గెను. మధ్యవారు తినివేయుట తగ్గెను. లబ్ధిదారులలో నూటికి 90 మందికి పైగా ఈ క్రొత్త పద్ధతియే మేలనిరి. అన్నింటికంటె ముఖ్యము, అర్హులగువారికి పథకము అందుటలో కొరత కలుగలేదు.

ఏల కలుగలేదు? రెండేండ్ల తరువాత కూడ ఆ మండలములలోని చెల్లింపులలో సుమారు సగము మాత్రమే కార్డుల ద్వారా జరుగుచుండెను. కార్డు లేనివారికి పాత పద్ధతిని చెల్లించుట మానలేదు. కోట తలుపు మూసినను అందులోని దిడ్డి తలుపును తెరచియుంచిరి.

తరువాత ఝార్ఖండ్ రాష్ట్రమున రేషను సరకులకు వ్రేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఆ పండితులే అచ్చటను పరిశీలించిరి. అచ్చట దిడ్డి తలుపు సరిగా లేదు. కార్డునకు ఆధార్ సంఖ్య జతపడని కుటుంబములకు అందు సరకు విలువ నూటికి 10 వంతులు తగ్గెను. ముద్ర తప్పనిసరి చేసిన మొదటి దశలో దొంగతనము తగ్గిన జాడయు కనబడలేదు. యంత్రము ఒకటే, వ్రేలు ఒకటే. ఏర్పాటు వేరు, ఫలితము వేరు.

నెలకు మనిషికి 5 కిలోల బియ్యము, గోధుమలు 2013 నాటి ఆహార భద్రతా చట్టము ఇచ్చిన హక్కు. అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు. ఆధార్ లేదనియో, ముద్ర కుదరలేదనియో అర్హునకు సరకు నిరాకరింపరాదని కేంద్ర ప్రభుత్వము 2017 అక్టోబరులో రాష్ట్రములకు ఉత్తర్వు పంపినది. కాబట్టి ముద్ర పడని అవ్వను వట్టి సంచితో ఇంటికి పంపుట యంత్రము చేసిన పని కాదు. మనిషి చేసిన పని. దిడ్డి తలుపున్నదని తెలిసియు తెరవనివాని పని.

‘కంప్యూటరు ఒప్పుకొనుట లేదు’

సోదరులారా, పూర్వకాలపు కచ్చేరీలో ‘రేపు రమ్ము’ అను మాట వినబడెడిది. నేడు దాని స్థానమున మూడు క్రొత్త మాటలు వచ్చినవి: ‘సర్వరు లేదు’, ‘కంప్యూటరు ఒప్పుకొనుట లేదు’, ‘పైనుండి వచ్చినది, మా చేతిలో లేదు’. రేపు రమ్మన్నవానిపై కోపగించుకొనవచ్చును, వాడెవడో తెలియును. కంప్యూటరుపై ఎవరు కోపగించుకొందురు? ఇచ్చటనే మనము జాగ్రత్త పడవలెను. యంత్రము వచ్చినందువలన పోవలసినది లంచము. పోకూడనిది జవాబు.

ప్రజాస్వామ్యమున నిరాకరించు అధికారము ఎవరికున్నదో వారికి కారణము చెప్పు బాధ్యతయు ఉండవలెను. పింఛను ఆగినదా? ఎవరు ఆపినారు, ఏ తేదీని, ఏ కారణమున, దానిని ఎవరు దిద్దగలరు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఊరిలో దొరుకవలెను. జవాబు దొరకని సేవ ఎంత వేగముగా నడచినను అది సేవ కాదు.

కర్ణాటకలో 2012నుండి ‘సకాల’ యను పేరున ఒక చట్టము అమలులో నున్నది. ప్రతి సేవకు గడువు. గడువు దాటినచో దినమునకు 20 రూపాయల చొప్పున అర్జీదారునకు చెల్లింపు. ఆ మొత్తము స్వల్పము. కాని దానివలన ఒక సంగతి స్థిరపడినది: ఆలస్యమునకు కర్త యొకడుండును. మన మీసేవలోను ప్రతి సేవకు గడువు నిర్ణయింపబడియున్నది. ఆ గడువును గోడపై వ్రాయించి చదివించుట మన పని.

గ్రామస్థుడు చేయవలసిన అయిదు పనులు

మొదటిది: మీ లెక్కను అవసరము రాకముందే చూచుకొనుడు. పెండ్లికి బంగారము కొనునపుడు తూకము చూచుకొందుము. అమ్మిన తరువాత చూడము. భూమి ఖాతా, రేషను కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్ – ఈ నాలుగింటిలో పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగ నున్నవా యని ఇంటిలో చదువుకొన్న పిల్లవానిచేత ఏడాదికొకమారు చదివించుకొనుడు.

రెండవది: రసీదు లేనిదే అర్జీ ఇవ్వకుడు. అర్జీ సంఖ్య, తేదీ గల చీటీ మీ చేతికి రావలెను. ఆ సంఖ్య లేనిచో మీరు అర్జీ ఇచ్చినట్లు యంత్రమునకు తెలియదు.

మూడవది: కాదన్నచో కారణమును కాగితముపై అడుగుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము 30 దినములలో జవాబు రావలెను. మన రాష్ట్రమున గ్రామ స్థాయి కార్యాలయమున ఈ దరఖాస్తునకు రుసుము లేదు. మండల స్థాయిని 5 రూపాయలు. వ్రాయలేని వానికి వ్రాసిపెట్టుట ఆ కార్యాలయ సమాచార అధికారి విధియని చట్టమే చెప్పుచున్నది.

నాలుగవది: పైమెట్టు ఏదో తెలిసికొనుడు. సరకు అందనివారికి జిల్లాలో ఫిర్యాదుల అధికారి, రాష్ట్రమున ఆహార కమిషను ఉండవలెనని ఆహార భద్రతా చట్టము విధించినది. భూమి లెక్కకు అప్పీలు గలదు. మెట్లు ఉన్నవని తెలియనివానికి మేడ ఉండియు లేనట్లే.

అయిదవది: మీ వ్రేలిముద్రను, ఫోనునకు వచ్చు రహస్య సంఖ్యను మీ సొత్తుగా చూచుకొనుడు. ఎవరైన ఫోను చేసి ఆ సంఖ్య చెప్పుమన్నచో చెప్పవలదు. సరకు ఇయ్యకుండ ముద్ర వేయించుకొనుట చేయి పట్టి వేలిముద్ర వేయించిన నాటి వడ్డీవ్యాపారి పని వంటిదే. ముందు సరకు, డబ్బు ఎంతయో చూచుకొని ముద్ర వేయుడు, రసీదు తీసికొనుడు.

పంచాయతీ చేయవలసినది

ఇక మీ విధులు. పంచాయతీ కార్యదర్శులకు ముందుగా ఒక మాట. జనన మరణముల నమోదు మీ చేతిలోనిది. 2023లో సవరించిన చట్టము ఆ సంవత్సరము అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. ఆనాడుగాని, అటు పిమ్మటగాని పుట్టిన బిడ్డకు బడిలో చేరుటకు, ఓటరు జాబితాకు, డ్రైవింగు లైసెన్సునకు, ఉద్యోగమునకు పుట్టిన తేదీని, స్థలమును రుజువు చేయునది జనన ధ్రువపత్రమే. 21 దినములలోగా తెలిపినచో నమోదునకు రుసుము లేదు. మీరు నేడు తొందరలో కొట్టిన ఒక అక్షరము ఆ బిడ్డ వెంట అరువది యేండ్లు నడచును. కాబట్టి నమోదు చేయుటకు ముందు తల్లిదండ్రులకు పేరును, తేదీని బిగ్గరగా చదివి వినిపింపుడు. ఒక నిమిషము పట్టును. తరువాత దిద్దుటకు పట్టు నెలలను అది మిగుల్చును.

సర్పంచులకు రెండవ మాట. గ్రామసభయే యంత్రమునకు తగిన జోడు. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకమారు గ్రామసభ జరుగవలెను. దానిని సంతకముల సభగా చేయకుడు. క్రొత్తగా చేరిన పింఛనుదారుల పేర్లు, తీసివేయబడిన పేర్లు, తీసివేసిన కారణములు సభలో చదివింపుడు. చదివినప్పుడు ఊరు పలుకును: ‘వాడు చనిపోలేదు, నిన్ననే చెరువు గట్టున చూచితిమి’ అని. ఆ మాట ఏ యంత్రమును చెప్పజాలదు.

ఇది నా ఊహ కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది. ఆ పథకమునకు ఉమ్మడి రాష్ట్రము సామాజిక తనిఖీని జతచేసి, 2009లో దానికై ప్రత్యేక సంస్థను ఏర్పరచినది. కంప్యూటరునుండి తీసిన చెల్లింపుల పట్టికను చదువుకొన్న గ్రామ యువకులు ఇంటింటికి తీసికొనిపోయి ‘ఈ దినములలో పని చేసితివా? ఈ డబ్బు ముట్టినదా?’ అని అడిగెడివారు. పిమ్మట మండల కేంద్రమున అందరి యెదుట చదివెడివారు. పని చేయనివారి పేర హాజరు, ముట్టని డబ్బునకు సంతకము వంటివి ఆ విధముగా బయటపడినవి. యంత్రము పట్టికను ఇచ్చెను. నిజమును ఊరు ఇచ్చెను. రెండును కలిసినపుడే దొంగ దొరికెను.

ఇదే న్యాయము పంచాయతీ డబ్బునకు కూడ వర్తించును. 2020 ఏప్రిల్ 24న ఆరంభమైన ‘ఈ-గ్రామ్ స్వరాజ్’ లో పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు ఎవరైనను చూడవచ్చును. మీ ఊరి కుర్రవాడు ఫోనులో చూచి అడుగకముందే మీరే ఆ లెక్కను పంచాయతీ గోడపై వ్రాయింపుడు. అడుగకముందే చెప్పినవాని మాటను ఊరు నమ్మును.

మూడవ మాట. ప్రతి పంచాయతీలోను ఒక ‘దిడ్డి తలుపు పుస్తకము’ ఉంచుడు. పేరు మీరేదైన పెట్టుకొనవచ్చును. ముద్ర కుదరక, పేరు కలియక, ఫోను లేక సేవ అందనివారి వివరములను తేదీతో అందులో వ్రాయుడు. నెలకొకమారు దానిని తహసీల్దారుకు, ఎం.పీ.డీ.ఓ.కు పంపి జవాబు తెప్పింపుడు. మంచము పట్టిన వృద్ధులు, కన్ను కానరానివారు, కుష్ఠు వ్యాధివలన వ్రేళ్లు పోయినవారు ఎవరెవరో మీకు పేరు పేరున తెలియును. హైదరాబాదులో నున్న యంత్రమునకు తెలియదు. ఆ తెలిసిన దానిని కాగితముపై పెట్టుటయే పంచాయతీ చేయగల మహోపకారము.

నేను ప్రచార శాఖకు చెందినవాడను. క్రొత్త సేవ వచ్చినదని గోడపత్రిక వేయించుట, ఊరూర చాటించుట మా వృత్తి. అయినను, సేవ వచ్చినదని చాటుట సగము ప్రచారము మాత్రమే. సేవ అందనిచో ఎవరిని, ఎట్లు అడుగవలెనో చాటుట తక్కిన సగము. ఆ రెండవ సగమును మీరు మీ ఊళ్లలో పూర్తి చేయవలెనని ప్రార్థించుచున్నాను.

నాగలికి బదులు ట్రాక్టరు వచ్చినది. దానివలన దున్నుట సులువయినది గాని, ఏ పొలము ఎప్పుడు దున్నవలెనో తెలిసిన రైతు అక్కరలేకపోలేదు. గట్టు ఎచ్చట నున్నదో ట్రాక్టరునకు తెలియదు, తోలువానికి తెలియవలెను. గ్రామ పాలనలో కంప్యూటరును అట్టిదే. దానిని కాదనవలసిన పని లేదు. దానిని చూచి చేతులు కట్టుకొని నిలువవలసిన పనియు లేదు. మీ గ్రామమున తలుపు తట్టిన ప్రతివానికి ‘నీ పని యయినది’ అనియైనను, ‘కాలేదు, కారణమిది, పోవలసిన చోటిది’ అనియైనను పేరు గల మనిషి యొకడు జవాబు చెప్పుగాక. అట్టి జవాబు దొరకిన దినముననే యంత్రము నిజముగా మన ఊరికి వచ్చినట్లు.